టీవీ పోయిందా, లైటు పోయిందా?

“టీవీ పోయింది” అనేది మన ఇళ్లలో ఒకటే మాట. డాక్టరు దగ్గరికెళ్లి “ఒంట్లో బాగాలేదు” అన్నట్టు. అసలు ఆన్ కాకపోయినా అదే మాట. ఎర్ర లైటు వెలిగి ఊరుకున్నా అదే మాట. శబ్దం వచ్చి బొమ్మ రాకపోయినా, బొమ్మ మీద నిలువు గీతలు పడినా, చివరికి నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోకపోయినా అదే మాట. దాని వెంటే వచ్చే సలహా కూడా ఒకటే: “రిపేరెందుకు, ఇంకో రెండు వేలేసుకుంటే కొత్తదే వస్తుంది గదా!” ఆ ఇంకో రెండు వేలు ఎప్పుడూ రెండు వేలు కాదు. లెక్కేసి చూస్తే ఇరవై వేలు ఉంటుంది.

ఈ రెండు మాటల మధ్యలో ఇంకో ప్రశ్న ఉండాలి. ఇంతకీ పోయిందేమిటి? అది తెలియకుండా బాగు చేయించాలా, పారేయాలా అని ఇంట్లో ఎంత వాదించుకున్నా లాభం లేదు. ఈ మధ్య ఆ ప్రశ్న అడిగేవాళ్లు తగ్గిపోయారు. అడిగినా టీవీ విప్పి చూసి జవాబు చెప్పే మనిషి ఇంకా తగ్గిపోయాడు.

నేను చదివింది ఈసీఈ. చేస్తున్నది బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మా ఆళ్లగడ్డలో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఇంజినీరింగు చదివినవాడు మిక్సీ మొదలుకొని మోటారు దాకా ప్లగ్గున్న ప్రతిదానికీ జవాబుదారీ. మొన్న సంక్రాంతికి నేను ఇంటికి చేరేసరికి నాకోసం కాచుకొని ఉన్నది మా టీవీ. 43 అంగుళాలది, 2020లో లాక్‌డౌన్ సడలించాక కొన్నది. అప్పటికి పదకొండు రోజులుగా శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు.

ఆ పదకొండు రోజులూ మా జేజి దాని ముందే కూర్చుంది. మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం వరసగా సీరియళ్లు, అన్నీ రేడియోలాగా విన్నది. “మాటలు ఇనపడతాండాయి గదరా, ఎవురు ఏడుస్తాండారో గొంతు బట్టి తెలుస్తాది లే” అంది. మోకాళ్లు సహకరించక వీధి గడప దాటలేని మనిషికి టీవీ అంటే కాలక్షేపం ఒక్కటే కాదు. ఇంట్లో మిగతావాళ్లందరం ఫోన్లలో తలలు పెట్టుకుంటే ఆమెతో మాట్లాడేది అదొక్కటే.

నేను రాకముందే కంపెనీ సర్వీసువాళ్లకు నాయన ఫోన్ చేసినాడు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. నంద్యాల నుంచి ఒకబ్బాయి వచ్చి, రిమోటు రెండుసార్లు నొక్కి చూసి, వెనకాల ఒక్క స్క్రూ కూడా విప్పకుండా “ప్యానెల్ పోయింది, 16,500 అవుతుంది” అన్నాడట. చూసినందుకు 450 తీసుకొని, పోతూ పోతూ ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తే 1,500 వస్తుందని సలహా కూడా ఇచ్చాడట. ఆ పిల్లోడి మీద నాకేమీ కోపం లేదు. రోజుకు ఎన్ని కాల్స్ ముగించాలో వాళ్లకూ లెక్కలుంటాయి. ఒక బోర్డు విప్పి కెపాసిటర్ మార్చే పని వాళ్లకు నేర్పినవాడూ లేడు, చేయనిచ్చేవాడూ లేడు.

ఇక్కడ ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి చెప్తాను. గదిలో లైట్లన్నీ ఆర్పండి. టీవీ ఆన్ చేసి, శబ్దం వస్తుండగా సెల్‌ఫోన్ టార్చిని స్క్రీన్‌కు బాగా దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకోండి. టార్చి పక్క నుంచి తెరలోకి చూడండి. బావిలోకి తొంగి చూసినప్పుడు మొహం కనపడినట్టు లీలగా బొమ్మలు కదులుతూ కనపడ్డాయా? అయితే ప్యానెల్ బతికే ఉంది. పోయింది దాని వెనకున్న దీపం.

మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేదాంట్లో బొమ్మ గీసేది ఎల్‌ఈడీలు కాదు. బొమ్మ గీసేది ముందున్న ఎల్‌సీడీ గాజు పలక. దానికి సొంత వెలుగు లేదు. దాని వెనకాల పట్టీల మీద వరసగా చిన్న చిన్న ఎల్‌ఈడీ బల్బులుంటాయి, వాటి ముందు వెలుతురును సమంగా పరిచే తెల్లటి షీట్లుంటాయి. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపంలాగన్న మాట. దీపం ఆరిపోతే బొమ్మ ఆడుతూనే ఉంటుంది, చూసేవాడికి కనపడదు. ఆ పట్టీల్లో బల్బులు చాలా టీవీల్లో ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. పాతకాలం పండగ సీరియల్ లైట్లలాగా ఒక్కటి తెగితే వరసంతా ఆరిపోతుంది. కొన్నిసార్లు ఆన్ చేయగానే ఒక్క సెకను వెలిగి ఆరిపోతుంది. తేడా కనిపెట్టిన డ్రైవర్ సర్క్యూట్ తనంతట తాను కరెంటు ఆపేస్తుంది.

మా ఇంట్లో టార్చి వేస్తే ఒక న్యూస్ రీడరు మొహం కనపడింది. జేజి కూడా వంగి చూసి “ఉండాడే!” అంది.

*

ఆళ్లగడ్డ అంటే బయటివాళ్లకు రాజకీయాలైనా గుర్తొస్తాయి, రాతి శిల్పాలైనా గుర్తొస్తాయి. రాయిని తట్టి, ఆ చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేవాళ్లున్న ఊరు ఇది. మా మెకానిక్ అన్న అంగడి పెద్దదేమీ కాదు. ముందు నాలుగు టీవీలు బోర్లా పడుకొని ఉంటాయి, గోడకు బోర్డులు వేలాడుతుంటాయి, ఏ బోర్డు ఏ టీవీదో ఆయన బుర్రలోనే ఉంటుంది. యాభై అయిదేళ్లుంటాయి. పదమూడేళ్ల పిల్లోడిగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాడట.

ఆయన మొదట నేర్చుకున్నది హైదరాబాదు ఈసీఐఎల్‌వాళ్ల ఈసీ టీవీల మీద. అణుశక్తి శాఖ కింద 1967లో పెట్టిన ఆ సంస్థ మనవాళ్లకు బాగా తెలిసింది టీవీలతోనే. తర్వాత సాలిడేర్, డయనోరా, ఒనిడా వచ్చాయి. 1987, 88 ఆదివారాల్లో రామాయణం వచ్చే రోజుల్లో టీవీ చెడిపోతే మెకానిక్‌ను సైకిల్ మీద ఎక్కించుకొని తీసుకుపోయేవారట. “పెండ్లికొడుకును తీసకపోయినట్ల తీసకపోయేటోళ్లు అప్పా, పోయినాక కాఫీ ఇచ్చేటోళ్లు” అని నవ్వాడు. ఆ టీవీల్లో పోయేవి కూడా కంటికి కనపడేవి. సోల్డరింగు ఊడేది, ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ కాలేది, బొమ్మ కుంచించుకుపోయి నడిమధ్యలో అడ్డగీతలా మిగిలితే వర్టికల్ ఐసీ పోయినట్టు. ఒక్కో జబ్బుకు ఒక్కో లక్షణం. రూపాయల్లో భాగం, పదుల్లో కూలి.

ఆయన టీవీ వైపు చూడకుండానే నన్ను అడిగాడు.

“ఆన్ చేస్తానే ఒక్కసారి మెరిసి ఆరిపోతాదా?”

“అవునన్నా.”

“గీతలు గానీ, తెల్లమచ్చలు గానీ ముందు ఉన్నాయా?”

“నెల ముందు నుంచి ఒకచోట గుండ్రంగా తెల్లగా ఉండేదని అమ్మ అంటాంది.”

“ఆడ లెన్స్ ఊడింది. అయితే స్ట్రిప్పులే. సందేహం లేదు.”

బల్బు మీద గోళీకాయలో సగమంత లెన్స్ ఒకటి అతికించి ఉంటుంది. వేడికి జిగురు ఎండిపోయి అది ఊడితే ఆ బల్బు వెలుగు ఒకేచోట పడుతుంది. ముందు తెల్లమచ్చ, కొన్నాళ్లకు చీకటి. మీ టీవీలో ఇప్పుడు అట్లాంటి మచ్చ ఉంటే కంగారు పడకండి, కానీ లెక్కలో పెట్టుకోండి.

ఆయన మూడు ధరలు చెప్పాడు. పోయిన బల్బు ఒక్కటే మారిస్తే 600. ఆ పట్టీ ఒక్కటే మారిస్తే 1,100. మూడు పట్టీలూ కొత్తవి వేస్తే 1,900. “నా మాట వింటే మూడూ మార్చుకోండి” అన్నాడు. ఎక్కువ బిల్లు కోసం చెప్తున్నాడని నాయనకు అనుమానం. ఆయనిచ్చిన కారణం మాత్రం నాకు నచ్చింది. పట్టీలు మార్చాలంటే ముందున్న గాజు పలకను బయటికి తీయాలి. రెండు మిల్లీమీటర్లు కూడా లేని 43 అంగుళాల గాజు అది. అంచున సిగరెట్టు పెట్టె కాగితమంత పల్చటి రిబ్బన్లు వేలాడుతుంటాయి. ఒక మూల వంగినా, ఒక రిబ్బను చిరిగినా టీవీ నిజంగానే పోయినట్టు. మిగతా బల్బులదీ పోయినదాని వయసే. ఇప్పుడు ఒక్కటి మార్చి ఆరు నెలలకు ఇంకోదాని కోసం మళ్లీ ఆ గాజును లేపడమంటే రెండోసారి అదే గండం. “పట్టీ ఖరీదు ముఖ్యం కాదప్పా, ఎన్నిసార్లు తెరుస్తామనేదే ముఖ్యం.”

ఇంకో మాట కూడా ముందే చెప్పాడు: “తీసేటప్పుడు పగిలితే నేను కట్టియ్యలేను. అట్ల ఒప్పుకుంటేనే చెయ్యి వేస్తా.”

నాయన నా వైపు చూశాడు. ఇక్కడే అసలు లెక్క. ప్యానెల్ పగిలితే ఎంత నష్టం? 27,000 పెట్టి కొన్న టీవీ నష్టమని మనసు చెప్తుంది. అది నిజం కాదు. ఆ రోజు ఆ టీవీ విలువ ఎక్స్ఛేంజిలో వచ్చే 1,500. దానికి మెకానిక్ కూలి కలుపుకుంటే మనం పందెం కాసేది అంతే. గెలిస్తే వచ్చేది ఇంకో మూడు, నాలుగేళ్లు నడిచే టీవీ. చెడిపోయిన వస్తువును బాగు చేయించేటప్పుడు కొన్నప్పటి ధరను బుర్రలోంచి తీసేయాలి. “చేయండన్నా” అన్నాను. నాయన కాదనలేదు, అవుననలేదు. మా ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

పని చూడ్డానికి నేను అంగట్లోనే కూర్చున్నా. బల్ల మీద దుప్పటి పరిచాడు. చేతులు సబ్బుతో కడుక్కొని బాగా తుడుచుకున్నాడు. ఫ్రేము విప్పాక గాజు పలకకు రబ్బరు కప్పులు రెండు అంటించి, ఇంకో కుర్రాణ్ని అటువైపు నిలబెట్టి, ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒకేసారి లేపారు. ఫ్యాను ముందే ఆపేశాడు. ధూళి పడితే తర్వాత తెర మీద మచ్చలా కనపడుతుందట. పట్టీలకు టెస్టరు తగిలిస్తే ఒక్కో బల్బూ వెలుగుతూ వచ్చి రెండో పట్టీలో అయిదోది వెలగలేదు. కందిగింజంత బల్బు. నడిమధ్యలో సూదితో పొడిచినంత నల్లచుక్క. 16,500 రూపాయల జబ్బు అదీ.

రెండున్నర గంటలు పట్టింది. బిగించాక సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాక్‌లైట్ 100 నుంచి 60కి దించాడు. ఇది మీరు ఇవాళే చేసుకోవచ్చు. షోరూములో పక్క టీవీ కన్నా మెరవడానికి పెట్టే వెలుగు మన హాల్లో అవసరం లేదు. బల్బులను చంపేది వేడి, వేడి కరెంటును బట్టి ఉంటుంది. కొన్ని టీవీల్లో ‘బ్రైట్‌నెస్’ వేరు, ‘బ్యాక్‌లైట్’ వేరు. తగ్గించాల్సింది రెండోది.

*

అన్ని కథలూ ఇట్లా అవుతాయని కాదు. అదే పండక్కి నంద్యాలలో మా అత్త ఇంటికి వెళ్లాను. శిరివెళ్ల మీదుగా బస్సులో గంట దారి. అత్త ఇంట్లో టీవీకి ఎడమవైపు సగం తెరంతా నిలువు గీతలు, కింద అంచున నల్లటి మరక. పండక్కి ముందు ఇల్లు దులిపి, శుభ్రం చేసే ద్రవం సీసా తెచ్చి తెర మీద నేరుగా కొట్టి తుడిచారట. ఆ తడి జారి కింది అంచులోకి దిగుతుంది. సరిగ్గా అక్కడే గాజుకూ బోర్డుకూ మధ్య ఆ పల్చటి రిబ్బన్లు అతికించి ఉంటాయి. తడి తగిలితే షార్ట్ అవుతాయి. తెర తుడవాలంటే టీవీ ఆపి, మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. మరీ మరకైతే గుడ్డను కొంచెం తడిపి పిండి తుడవండి. తెర మీద మాత్రం ఏదీ చల్లకండి.

గీతలు కనపడితే ముందు రిమోటులో మెనూ నొక్కి చూడాలి. మెనూ మీద గీతలు లేకుండా బొమ్మ మీదే ఉంటే తప్పు సెట్‌టాప్ బాక్సుదో, కేబుల్‌దో. మెనూ మీద కూడా అదే చోట ఉంటే టీవీదే. అప్పుడైనా రెండు దారులున్నాయి. బొమ్మను ప్యానెల్‌కు పంచే టీకాన్ బోర్డు పోతే బోర్డు మార్చుకోవచ్చు. గాజు పలకదో, దాని రిబ్బన్లదో అయితే చిన్న ఊళ్లో చేయగలిగింది లేదు. అంచును వేలితో మెల్లగా తాకితే గీతలు మారుతున్నాయంటే చాలాసార్లు అది అతుకు దగ్గర జబ్బే. అత్తవాళ్ల టీవీలో తాకగానే గీతలు మారాయి.

నంద్యాలలో ఒక అంగడివాళ్లు అప్పటికే 4,000కు చేసిస్తామన్నారు, గ్యారంటీ ఇవ్వమన్నారు. అదెట్లా చేస్తారో నాకు తెలుసు. రిబ్బను మీద ఒకటి రెండు పిన్నులకు కరెంటు అందకుండా సన్నటి టేపు అంటిస్తారు. గీతలు మాయమవుతాయి. కొన్ని వారాలో, కొన్ని నెలలో బాగానే ఉంటుంది. అది మోసమని అనను. కొనుక్కునేవాడికి ఆ సంగతి చెప్పి, దానికి తగ్గ డబ్బు తీసుకుంటే అదొక ఉపాయం. చెప్పకుండా 4,000 తీసుకుంటే మాత్రం వేరే మాట.

“వద్దత్తా, దీని మీద రూపాయి పెట్టొద్దు” అన్నాను. అత్త మొహం చిన్నబోయింది. “మీ మామ రిటైరైనప్పుడు కొన్నది రా” అంది. మామ పోయి రెండేళ్లయింది. క్రికెట్ చూసేటప్పుడు ఆయన కుర్చీ ఎక్కడ వేసుకునేవాడో ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంజినీరింగులో ఇట్లాంటివాటికి ఫార్ములా ఇవ్వరు. నేను ఇంకేమీ అనలేదు. ఇంకో రెండు నెలలు ఆ టీవీ గీతలతోనే అక్కడే ఉంది.

ప్యానెల్ ఎందుకంత ఖరీదు? టీవీలో అసలు వస్తువు అదే కాబట్టి. మిగతాదంతా ప్లాస్టిక్ డబ్బా, రెండు మూడు బోర్డులు, స్పీకర్లు. ఆ గాజును తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ప్రధానంగా చైనా, తైవాన్‌లవి. మన రాష్ట్రంలోనే తిరుపతిలో డిక్సన్ కంపెనీ టీవీలు బిగిస్తోంది. అయినా ఆళ్లగడ్డలో ఒక టీవీకి ఒక్క ప్యానెల్ కావాలంటే ధర వేరు. ఫ్యాక్టరీ వేలల్లో కొనే వస్తువును మనం ఒక్కటి కొంటాం. దారిలో పగలకుండా తెప్పించే ఖర్చూ మనదే.

దీనికి తోడు త్రాసు ఇంకోవైపు కూడా కదిలింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 20,000 ఉన్న టీవీ అంతకుముందు 25,600, ఇప్పుడు 23,600. మంచిదే. సర్వీసు సెంటరు బిల్లు మీద పన్ను మాత్రం 18 శాతం దగ్గరే ఉంది. కొత్తది చౌకయ్యేకొద్దీ రిపేరు ఖరీదుగా కనపడుతుంది, మెకానిక్ ఒక్క రూపాయి పెంచకపోయినా.

“రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే వద్దు” అనే సూత్రం చాలామంది చెప్తారు. నాకది సగమే నచ్చుతుంది. ఎంత ఖర్చన్నదాని కన్నా ఏ భాగమన్నది ముఖ్యం. పవర్ బోర్డులో కెపాసిటర్ తల ఉబ్బిందంటే వందల్లో పోతుంది, ఆ జబ్బు మళ్లీ రాకపోవచ్చు. బ్యాక్‌లైట్ పట్టీలు అరిగిపోయే భాగం, బండికి టైర్లలాగా. మార్చుకుంటే సరి. మెయిన్ బోర్డు దొరికితే సరే, దొరకకపోతే పాత టీవీలోంచి తీసినదే గతి, దానికి మూడు నెలల మాట అడిగి రాయించుకోండి. ప్యానెల్ అయితే, వారంటీ లేకుంటే, నమస్కారం పెట్టేయండి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఆళ్లగడ్డ అన్న ఒక రోజు కథ చెప్పాడు. పొద్దున అంగడి తెరిచేసరికి ఒకే వీధి నుంచి ఆరు టీవీలు వచ్చాయట. రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగింది. న్యూట్రల్ తెగితే ఇళ్లకు 230 వోల్టులు రావాల్సిన చోట పక్క ఫేజు లోడును బట్టి 400 దగ్గరికి కూడా ఎగబాకుతుంది. ఆ ఆరింటిలో నాలుగు టీవీల్లో పోయినవి రెండే రెండు భాగాలు, ఒక ఫ్యూజు, దాని పక్కనే బిళ్లలా ఉండే వేరిస్టరు. ఎక్కువ వోల్టేజి వస్తే తాను కాలి మిగతా బోర్డును కాపాడటమే ఆ బిళ్ల పని. రెండూ కలిపి పాతిక రూపాయలు. ఆ నాలుగు ఇళ్లలో ఎవరైనా “ఆన్ కావడం లేదు, కొత్తది కొనేద్దాం” అని ఉంటే? అయితే మీరు మాత్రం వెనక మూత విప్పకండి. ప్లగ్గు పీకేసినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైచిలుకు కొంతసేపు నిలిచి ఉంటుంది. చూడటం మన పని, చెయ్యి పెట్టడం ఆయన పని.

ఇంకో రకం చావు ఉంది. అది మా వృత్తి చేసేది. పక్కింటి మాస్టారి స్మార్ట్ టీవీకి బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, శబ్దం బాగుంది, ఒక్కొక్క యాప్ మాత్రం “ఈ పరికరంలో పనిచేయదు” అంటోంది. దీనికి మెకానిక్ ఏం చేస్తాడు? 2015లో పాత యూట్యూబ్ యాప్‌ను ఆపేసినప్పుడు 2012కు ముందు టీవీలు చాలా యూట్యూబ్‌కు దూరమయ్యాయి. 2019 డిసెంబరు నుంచి కొన్ని పాత శాంసంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. ఎక్కడో ఏసీ గదిలో “పాత వెర్షన్ వాడేవాళ్లు చాలా తక్కువ, సపోర్టు తీసేద్దాం” అని పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ తక్కువమందిలో మాస్టారొకరు. ఇట్లాంటప్పుడు ముందు టీవీలో తేదీ చూడండి. గడియారం ఏ పాత ఏడాదిలోనో ఉండిపోతే సెక్యూరిటీ సర్టిఫికెట్లు కుదరక యాప్‌లు తెరుచుకోవు. తేదీ సరిచేస్తే చాలు. అదీ కాకపోతే మూడు నాలుగు వేలకు హెచ్‌డీఎంఐలో పెట్టే స్టిక్ ఒకటి కొనుక్కోండి. తెర బాగున్న టీవీని సాఫ్ట్‌వేర్ కోసం పారేయడం, క్యాలెండరు పాతదైందని గోడ పడగొట్టడం లాంటిది. మాస్టారిది తేదీతో పోలేదు, స్టిక్‌తో పోయింది.

బాగు చేసుకునే హక్కు గురించి ప్రభుత్వాలూ మాట్లాడుతున్నాయి. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి టీవీల మీద కూడా ఎంత తేలిగ్గా బాగు చేయొచ్చో పదికి మార్కులు వేసి అంగట్లోనే చూపించారు. అదే ఏడాది మార్చి నుంచి యూరప్‌లో ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా పవర్ సప్లయి, కెపాసిటర్ల లాంటి విడిభాగాలు ఏడేళ్లు మెకానిక్‌లకు అందించాలన్న నియమం వచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. అందులో కంపెనీల సర్వీసు వివరాలు దొరుకుతాయి. ఆళ్లగడ్డ అన్నకు దాని గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని “బోర్డు సర్క్యూట్ డయాగ్రం ఇస్తారా దాంట్లో?” అని అడిగాడు. పాత టీవీల్లో వెనక మూతకు లోపల అతికించి ఇచ్చేవాళ్లట. ఆయనకు కావాల్సింది అదొక్కటే.

ఆయన కొడుకు హైదరాబాదులో డెలివరీ పని చేస్తున్నాడు. అటువైపు గాజు పట్టుకున్న కుర్రాడు పనికి కుదిరి నాలుగు నెలలైంది, సెల్‌ఫోన్ రిపేరు వైపు పోవాలని చూస్తున్నాడు. “వీడు పోతే ప్యానెల్ ఎత్తడానికి నా భార్యను పిల్చుకోవల్ల” అన్నాడు అన్న. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ కుర్రాడు నవ్వలేదు. 43 అంగుళాల గాజును ఒక్కడు ఎత్తలేడు. మా జేజి టీవీకి మళ్లీ ఏదైనా వస్తే రెండో జత చేతులు ఎవరివో నాకు తెలియదు.

మార్చిలో అత్త ఫోన్ చేసింది. కొత్తది కొనుక్కుంటాను, పాతదాన్ని ఏం చేయమంటావు అని. ఎక్స్ఛేంజిలో 1,000 ఇస్తామన్నారట. ఆళ్లగడ్డ అన్నను అడిగితే 1,400 ఇస్తానన్నాడు. ఆ మోడల్ పవర్ బోర్డు, మెయిన్ బోర్డు ఆయనకు పనికొస్తాయి, స్పీకర్లు కూడా. ప్యానెల్ చచ్చిన టీవీలే ఆయనకు విడిభాగాల గోదాము. నంద్యాలకు వేరే పని మీద వచ్చినప్పుడు ఆటోలో తీసుకుపోయాడు.

కొనేముందు అత్తను ఒకటే కొలవమన్నాను. పాత గోడ స్టాండు బోల్టుల మధ్య దూరం. అడ్డం 200, నిలువు 200 మిల్లీమీటర్లు. టీవీల వెనక ఆ రంధ్రాలకు వీసా అని ఒక కొలత ఉంది, చాలా కంపెనీలు దాన్నే పాటిస్తాయి. అదే కొలత ఉన్న మోడల్ చూసి తెచ్చుకుంది. బిగించడానికి వచ్చినవాళ్లు కొత్త స్టాండు, గోడకు డ్రిల్లింగు కలిపి 800 అడిగితే అక్కర్లేదంది. మామ దగ్గరుండి వేయించిన నాలుగు బోల్టులూ గట్టిగానే ఉన్నాయి. కొత్త టీవీ వాటి మీదే కూర్చుంది.